కారిన రంగు వెనక లెక్క

చిత్రకళ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం మీదే వచ్చాయి. 1940లు, 50లలో న్యూయార్క్‌లో జాక్సన్ పొలాక్, మార్క్ రోత్కో లాంటి చిత్రకారుల చేతుల్లో రూపుదిద్దుకున్న ఆ నైరూప్య చిత్రకళను మన దగ్గర చాలాచోట్ల ‘మనసులో ఉన్నదంతా కాన్వాస్ మీద కుమ్మరించడం’ అని చెప్పి వదిలేస్తున్నారు. దాంతో విద్యార్థులు నిజంగానే కుమ్మరిస్తున్నారు. రంగు చిక్కదనం, గుడ్డ, చెయ్యి ఎంత ఎత్తులో ఉంది, బొమ్మ ఎవరి గోడకు వెళ్తుంది, ఎవరి డబ్బుతో తయారైంది అన్న సంగతులు మాత్రం ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈసారి వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ప్ర: కాన్వాస్ నేల మీద పరిచి, సింథటిక్ ఎనామెల్‌ని కర్రతో జారవిడిచాను. పొలాక్ బొమ్మల్లో గీత పొడుగ్గా సాగిపోతుంది. నాది చుట్టలు చుట్టుకుంటోంది, కొన్నిచోట్ల మడుగు కడుతోంది. వారం దాటినా ఆ మడుగులు లోపల పచ్చిగానే ఉన్నాయి, పైన ముడతలు పడ్డాయి. తప్పెక్కడ? (చిత్రకళ విద్యార్థి, పటమట, విజయవాడ)

జ: చుట్టలకు ఒక కారణం, ముడతలకు ఇంకో కారణం. ముందు చుట్టల సంగతి చూద్దాం. ముదురు పాకం గరిటె నుంచి జారేటప్పుడు గిన్నెలో చుట్టలు చుట్టుకుంటూ పడుతుంది కదా, మీ రంగు చేస్తున్నదీ అదే. చిక్కటి ద్రవం పైనుంచి దారంగా పడేటప్పుడు, అది పడే వేగం కంటే చెయ్యి కదిలే వేగం తక్కువైతే దారం తన మీద తానే చుట్టుకుంటుంది. ఎత్తు పెరిగితే పడే వేగమూ పెరుగుతుంది. 1950లో ఫొటోగ్రాఫర్ హాన్స్ నామత్ తీసిన ఫిల్మ్‌లో పొలాక్ చేతి కదలికలను కొలిచిన పరిశోధకులు 2019లో ఒక విషయం తేల్చారు: చుట్టలు పడకుండా ఉండేంత వేగంలో, ఎత్తులో ఆయన పని చేశాడు. అంటే ఆ గీత చేతికి అలవాటైన నైపుణ్యం, పూనకం కాదు.

మీరు చేయవలసింది ఇది. కర్రను కాన్వాస్‌కు అడుగు, అడుగున్నర ఎత్తుకు దించండి. మణికట్టు తిప్పడం మానేసి భుజం నుంచి చెయ్యి మొత్తం కదిలించండి, కాళ్లు కూడా నడవాలి. 100 మి.లీ. ఎనామెల్‌కు 10 నుంచి 15 మి.లీ. ఎంటీవో, అంటే హార్డ్‌వేర్ షాపుల్లో టర్పెంటాయిల్ పేరుతో అమ్మేదే, కలిపి మొదలుపెట్టండి. డబ్బాలో నేరుగా కలపొద్దు, వేరే గిన్నెలో కలిపి బుడగలు పోయేదాకా పది నిమిషాలు వదిలేయండి. కర్ర ముంచి ఎత్తితే రంగు మూడు నాలుగు సెకన్లు తెగకుండా దారంలా జారి, ఆ తర్వాతే చుక్కలు కావాలి. మొదటి నుంచీ చుక్కలే పడితే పలచనైపోయిందని అర్థం. ఎన్‌సీ థిన్నర్ జోలికి వెళ్లొద్దు. అది కింద ఆరిన ఎనామెల్ పొరను మెత్తబరిచి పైకి లేపేస్తుంది. పాత న్యూస్‌పేపర్లు నేలంతా పరిచి ముందు వాటి మీద సాధన చేయండి. పొలాక్ వాడినవి ఎండి బిగుసుకుపోయిన కుంచెలు, కర్రలు, వంటింట్లో వాడే పిచికారీలు. ఒక్కో పనిముట్టుకు ఒక్కో రకం గీత వస్తుంది.

ఇక ముడతలు. ఈ ఎనామెల్‌లో థిన్నర్ ఆవిరైపోయినంత మాత్రాన రంగు గట్టిపడదు, గాలిలో ఆక్సిజన్‌ను పీల్చుకుంటేనే గట్టిపడుతుంది. మడుగు మందంగా ఉంటే పైపొర ముందు తోలు కడుతుంది, లోపలికి గాలి అందదు, తోలు ఉబ్బి ముడతలు పడుతుంది. వానాకాలంలో ఇంకా ఆలస్యం. కాబట్టి పని మొదలుపెట్టేముందు నేల సమంగా ఉందో లేదో మేస్త్రీలు వాడే రసమట్టంతో చూసుకోండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే మందంగా నిలిచిన రంగును పావుగంటలోపు న్యూస్‌పేపర్‌తో అద్ది తీసేయండి. పొరకూ పొరకూ మధ్య ఎండాకాలంలో ఒక రోజు, వానల్లో రెండు మూడు రోజులు వదలండి. ఇప్పటికే ముడతపడ్డ చోట తోలు కోసి, లోపలి పచ్చి రంగు గీకి తీయడమే దారి. పైన వార్నిష్ వేస్తే లోపల ఎప్పటికీ ఆరదు.

నేల మీద పరచడం, పరిశ్రమల రంగులు వాడడం పొలాక్ ఒక్కడికే తోచిన ఆలోచనలు కావు. మెక్సికో కుడ్యచిత్రకారుడు సికైరోస్ 1936లో న్యూయార్క్‌లో నడిపిన ప్రయోగశాలలో కార్లకు వేసే లక్క రంగులు పోయడం, చిమ్మడం నేర్పాడు. పొలాక్ అక్కడ పనిచేశాడు. 1945లో లాంగ్ ఐలండ్‌లోని స్ప్రింగ్స్ అనే పల్లెకు మారి, అక్కడి కొట్టంలో 1947 నుంచి ఈ పద్ధతిని పూర్తిగా తన సొంతం చేసుకున్నాడు.

ప్ర: ఫోన్‌లో ఈ బొమ్మలు చూస్తే మా మనవడు గీసిన గీతల్లా ఉన్నాయి. మంచిదేదో, మామూలుదేదో ఎలా పోల్చుకోవాలి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, అరండల్‌పేట, గుంటూరు)

జ: మాస్టారూ, ఫోన్ ఈ బొమ్మల నుంచి రెండు ముఖ్యమైన సంగతులు తీసేస్తుంది: కొలత, ఉపరితలం. పొలాక్ 1950లో వేసిన ‘ఆటమ్ రిథమ్’ సుమారు 267 సెం.మీ. ఎత్తు, 526 సెం.మీ. పొడవు. దాదాపు తొమ్మిది అడుగులు, పదిహేడు అడుగుల పైమాట. మన ఇళ్లలో చాలా గోడలకు అది పట్టదు. మనిషి ఎదురుగా నిలబడితే చూపు అంచులు దాటి వెళ్లలేదు. దాన్ని అరచేతిలో చూసి తీర్పు చెప్పడం ఆ బొమ్మకు అన్యాయం.

చూడడం మొదలుపెట్టాల్సింది అంచుల నుంచి. పొలాక్ గీతలు చాలావరకు అంచు దాకా వచ్చి లోపలికి తిరిగిపోతాయి. బొమ్మ ప్రింటు తీసుకుని నాలుగువైపులా వేలెడంత వెడల్పు తెల్లకాగితంతో మూసి చూడండి. మంచి బొమ్మ అయితే ఆ కాస్త పోయినా ఊపిరాడనట్టు కనిపిస్తుంది. ఏమీ తేడా లేకపోతే చిత్రకారుడు అంచు గురించి ఆలోచించలేదన్నమాట. తర్వాత పొరలు చూడండి. ఏ రంగు కింద ఉంది, ఏది పైన ఉంది, తడి మీద తడి పడి కలిసిపోయిందా, ఆరాక పడి స్పష్టంగా నిలిచిందా. అనుభవం లేనివాళ్ల బొమ్మల్లో అన్నీ తడిమీదే పడి బురద రంగు తేలుతుంది. మూడోది ఖాళీలు. గీతల మధ్య వదిలిన గుడ్డ ఒకచోట ఇరుకుగా, ఇంకోచోట విశాలంగా ఉండి చూపును నడిపిస్తుందా, లేక అంతా ఒకే జల్లులా ఉందా?

మధ్యలో కథానాయకుడు లేకుండా అంచు నుంచి అంచు దాకా నిండిన కూర్పు మీకు మరీ కొత్తదేం కాదు. అమరావతి మ్యూజియానికి వెళ్లినప్పుడు ఆ సున్నపురాతి ఫలకాల్లో కథ ఏమిటని వెతకడం కాసేపు ఆపి, కిక్కిరిసిన ఆకారాల మధ్య మీ చూపు ఎటు నుంచి ఎటు తిరుగుతోందో గమనించండి. ఈ బొమ్మల్ని చూడడానికి కావలసిన అభ్యాసం అదే.

ఒక్క ఊపులో వేసేస్తారన్నది కూడా సగమే నిజం. ఫ్రాంజ్ క్లైన్ నల్లటి పెద్ద గీతలు చూస్తే తెల్లటి నేల మీద ఇళ్లకు రంగులేసే కుంచెతో ఒక్క లాగు లాగినట్టు ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే చాలాచోట్ల తెలుపు నలుపు మీదికి వచ్చి దాని అంచును కోస్తుంది. ఆయన టెలిఫోన్ డైరెక్టరీ కాగితాల మీద చిన్న చిత్తులు వేసుకుని, వాటి నుంచి పెద్ద బొమ్మలు కట్టాడు. డి కూనింగ్ ‘ఉమన్ 1’ను 1950 నుంచి 1952 దాకా వేశాడు. వేసి, గీకి, మళ్లీ వేసి, మధ్యలో పక్కన పడేసి, మళ్లీ తీసుకున్నాడు. మీ మనవడి గీతల్లో ఉత్సాహం ఉంటుంది, అది నిజమైనదే. గీకేసి మళ్లీ వేయాలన్న పట్టుదల వయసుతో వస్తుంది.

ప్ర: తెనాలి నుంచి రాస్తున్నాను. ప్రైమర్ లేని కోరా గుడ్డ మీద టర్పెంటైన్‌తో పల్చన చేసిన ఆయిల్ రంగు పోశాను. రంగు చుట్టూ నూనె మరక వలయంలా పాకింది. దీన్ని ఆపవచ్చా? (బొటిక్ నడిపే పాఠకురాలు)

జ: మీకు వచ్చిన వలయమే హెలెన్ ఫ్రాంకెన్‌తేలర్‌కీ వచ్చింది. 1952లో, ఇరవై మూడేళ్ల వయసులో, ‘మౌంటెన్స్ అండ్ సీ’ని ఆమె ఇలాగే వేసింది. గుడ్డ పైన రంగు కూర్చోవడం కాక, గుడ్డే రంగు తాగడం అక్కడి కొత్త సంగతి. మరుసటి ఏడాది మోరిస్ లూయిస్, కెనెత్ నోలండ్ అనే చిత్రకారులు ఆ బొమ్మ చూసి దారి మార్చుకున్నారు. అయితే ఆయిల్‌తో పెద్ద చిక్కు ఉంది. నూనె గాలికి మారుతూ పత్తి పోగును క్రమంగా పెళుసు చేస్తుంది. ఆమె తర్వాతి కాలంలో అక్రిలిక్‌కు మారింది. మీరూ మారండి. వలయం ఉండదు, గుడ్డా నిలుస్తుంది.

కోరా గుడ్డకు మగ్గం మీద పెట్టిన గంజి ఉంటుంది. దాన్ని వదిలించకపోతే రంగు ఒకచోట ఇంకుతుంది, ఒకచోట నిలిచిపోతుంది. వేడినీళ్లలో సబ్బుపొడి వేసి రెండుసార్లు ఉతికి, బాగా జాడించి ఆరేయండి. ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి ప్రతి వైపూ ఐదారు అంగుళాలు ఎక్కువ కొనండి. చట్రానికి బిగించి, కింద ఇటుకలు పెట్టి నేలకు ఎత్తులో ఉంచండి. నేల మీద ప్లాస్టిక్ పరిచి దాని మీద నేరుగా గుడ్డ వేస్తే కింద రంగు నిలిచి వెనక నుంచి పైకి మరకలు తేలతాయి. స్ప్రేతో గుడ్డను చెమ్మగిల్లేలా తడపండి. ఒక పాలు పల్చటి అక్రిలిక్‌కు నాలుగు నుంచి ఆరు పాళ్లు నీళ్లు, 200 మి.లీ.కి ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. అంతకు మించితే నురగ వస్తుంది. రంగు పాకకూడదనుకున్న చోట ముందుగా అక్రిలిక్ మీడియంను, అంటే రంగు లేని అక్రిలిక్ జిగురును, మూడు రెట్ల నీటితో కలిపి పూసి ఆరనివ్వండి. ఆరు అంగుళాల ముక్క మీద వేసి, మూడు రోజులు ఆగి, తడిగుడ్డతో రుద్దండి. రంగు ఊడితే నీళ్లు ఎక్కువైనట్టే.

గుడ్డలో రంగు ఎంత దూరం పాకాలి అన్న ప్రశ్నకు కలంకారీ పనివాళ్లు ఎప్పుడో జవాబు కనిపెట్టారు. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో గుడ్డ ముంచుతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు, కరక్కాయ వగరు ఇనుముతో చేసిన నల్లరంగును పట్టుకుంటుంది. అక్రిలిక్‌కు మాత్రం పాలు వాడొద్దు, బూజు పడుతుంది.

ప్ర: ఈ కళంతా అమెరికా గూఢచారి సంస్థ పెంచి పోషించిన ప్రచారమని, ప్రజలతో దీనికి సంబంధం లేదని మా మిత్రబృందంలో ఒక వాదన. ఎంతవరకు నిజం? (డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, సత్యనారాయణపురం, విజయవాడ)

జ: ఆ బొమ్మలు తయారైన తీరు వేరు, దేశాలు తిరిగిన తీరు వేరు. వాదనలో ఈ రెండూ కలిసిపోతున్నాయి.

తయారైన తీరు చూస్తే ఈ చిత్రకారులు మహామాంద్యం కాలపు మనుషులు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1935 నుంచి 1943 దాకా నడిపిన ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టులో పొలాక్, రోత్కో, డి కూనింగ్, తర్వాత పొలాక్‌ను పెళ్లాడిన చిత్రకారిణి లీ క్రాస్నర్ అందరూ జీతానికి పనిచేశారు. పెద్ద గోడల మీద పనిచేసే అలవాటు ఆ కుడ్యచిత్రాల వాతావరణం నుంచే వచ్చింది. చాలామంది వామపక్షం వైపు మొగ్గినవాళ్లే. పొలాక్‌కు రంగు పోయడం చూపించిన సికైరోస్ కరుడుగట్టిన కమ్యూనిస్టు. యుద్ధం, హిరోషిమా తర్వాత పాత పోస్టర్ బొమ్మల భాష వాళ్లకు చాల్లేదు. రూపాన్ని వదలడానికి అదీ ఒక కారణం.

తిరిగిన తీరు వేరే కథ. 1946లో అమెరికా విదేశాంగ శాఖ ఆధునిక చిత్రాలు కొని విదేశాల్లో ప్రదర్శన పెడితే స్వదేశంలోనే గొడవైంది. 1947లో దాన్ని వెనక్కి పిలిపించి, 1948లో బొమ్మలను యుద్ధంలో మిగిలిన సరుకు కింద అమ్మేశారు. 1949లో డొండెరో అనే అమెరికా చట్టసభ సభ్యుడు ఆధునిక కళంతా కమ్యూనిస్టు కుట్రేనని ప్రసంగించాడు. బహిరంగంగా ప్రభుత్వం చేయలేని పని చాటుగా జరగడానికి ఇది నేపథ్యం. 1950లో బెర్లిన్‌లో మొదలైన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే మేధావుల సంస్థకు సీఐఏ డబ్బు అందుతోందని 1966, 67లలో బయటపడింది. న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం 1958, 59లలో ‘ది న్యూ అమెరికన్ పెయింటింగ్’ ప్రదర్శనను యూరప్‌లో ఎనిమిది దేశాలు తిప్పింది. ఈ కళ ప్రచ్ఛన్న యుద్ధంలో ఆయుధమైందన్న వాదనను ఈవా కాక్‌క్రాఫ్ట్ 1974లో ‘ఆర్ట్‌ఫోరమ్’ పత్రికలో గట్టిగా ముందుకు తెచ్చింది.

కాబట్టి మీ మిత్రులు ప్రచారం గురించి చెప్పేది కొట్టిపారేయదగ్గది కాదు. కానీ అక్కడి నుంచి ‘బొమ్మే బూటకం’ అనేయడం పొరపాటు. ‘స్వేచ్ఛ’ అన్న లేబుల్ బయటివాళ్లు అంటించింది. చిత్రకారులకు డబ్బుతో ఉన్న సంబంధం కూడా అంత తేలిక కాదు. 1943లో గ్యాలరీ యజమానురాలు పెగీ గుగెన్‌హైమ్ పొలాక్‌కు నెలకు 150 డాలర్లు ఇస్తూ, తన ఇంటి ప్రవేశ హాలుకు ఎనిమిది అడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవున్న ‘మ్యూరల్’ వేయించుకుంది. రోత్కో 1958లో న్యూయార్క్‌లో ఒక ఖరీదైన రెస్టారెంట్‌కు బొమ్మలు ఒప్పుకుని, వేసి, చివరికి ఇవ్వనన్నాడు. వాటిలో తొమ్మిది ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియం దగ్గరున్నాయి. ఎవరి గోడ అన్న ప్రశ్న వాళ్లను కూడా బాధించింది.

ప్ర: ఈ ఉద్యమంలో అందరూ మగవాళ్లేనా? (ఇంటర్ విద్యార్థిని, మంగళగిరి)

జ: కాదు, అలా చూపించారు. 1951 జనవరిలో ‘లైఫ్’ పత్రికలో వచ్చిన ప్రసిద్ధ ఫొటోలో పదిహేనుమంది చిత్రకారులుంటే అందులో స్త్రీ ఒక్కరే, హెడా స్టెర్న్. క్రాస్నర్ లేదు. 1950లో న్యూయార్క్‌లోని స్టూడియో 35లో ఈ చిత్రకారులు జరిపిన చర్చల్లో కూర్చున్న నల్లజాతి చిత్రకారుడు నార్మన్ లూయిస్ కూడా లేడు. యుక్రెయిన్‌లో పుట్టిన జానెట్ సోబెల్ పొలాక్ కంటే ముందే రంగు కార్చి, అంచు నుంచి అంచు దాకా నింపి బొమ్మలు వేసింది. పొలాక్ వాటిని చూశాడని విమర్శకుడు గ్రీన్‌బర్గే రాశాడు.

కొలతలో కూడా ఇది కనిపిస్తుంది. స్ప్రింగ్స్‌లో కొట్టం పొలాక్‌ది. క్రాస్నర్ ఇంట్లో పైగదిలో పనిచేసింది. 1946 నుంచి 1950 దాకా ఆమె వేసిన ‘లిటిల్ ఇమేజెస్’ చిన్నవి, దట్టమైన గుర్తులతో నిండినవి. చిన్న బొమ్మ అంటే చిన్న ఆలోచన అని చదువుకున్నవాళ్లు కూడా అనుకోవడం మాకు కష్టంగా ఉంటుంది. ఆమెకు దొరికిన గది కొలత అది. పొలాక్ చనిపోయాక ఆ కొట్టం ఆమెకు వచ్చింది, బొమ్మలూ పెద్దవయ్యాయి.

ప్ర: రోత్కో తరహాలో ఎరుపు మీద ఎరుపు పల్చటి పొరలుగా వేసిన కాన్వాస్ హాల్లో పెట్టాం. కిటికీ వైపు సగం వెలిసిపోయింది. వానాకాలంలో వెనక బూజు కూడా. (గృహిణి, బ్రాడీపేట, గుంటూరు)

జ: రోత్కోకే జరిగిన నష్టం ఇది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం భోజనశాలకు 1964లో పెట్టిన ఆయన బొమ్మల్లో లిథాల్ రెడ్ అనే రంగు ఉంది. పెద్ద కిటికీల వెలుతురుకు ముదురు ఎరుపు పోయి నీలం తేలింది. 1979కల్లా వాటిని తీసి దాచేశారు. 2014లో కాన్వాస్‌ను ముట్టుకోకుండా, పోయిన రంగును ప్రొజెక్టర్ వెలుతురుతో నింపి చూపించారు. మీ ఇంట్లో ఆ వసతి ఉండదు కాబట్టి ముందే జాగ్రత్త పడాలి.

ట్యూబ్ మీద పిగ్మెంట్ కోడ్ చూడండి. పీఆర్ 49 అంటే లిథాల్, పీఆర్ 83 అంటే అలిజరిన్ క్రిమ్సన్. పల్చటి పొరల్లో రెండూ వెలుస్తాయి. పీవీ 19, పీఆర్ 254, పీఆర్ 108 నిలుస్తాయి. కోడ్ లేని చౌక రంగైతే ఒక కాగితం మీద పూసి, సగం నల్ల కాగితంతో మూసి, దక్షిణం కిటికీలో రెండు నెలలు ఉంచండి. మన ఎండ నిజం చెప్పేస్తుంది. బూజుకు కారణం కాన్వాస్ వెనక గాలి ఆడకపోవడం. వర్షం కొట్టే బయటి గోడకు తగిలించకండి. చట్రం కింది మూలల్లో అర అంగుళం కార్కు ముక్కలు అంటిస్తే గోడకు దూరంగా ఉంటుంది. ఉన్న బూజును మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తటి పొడి కుంచెతో దులపండి, తడిగుడ్డ పెట్టొద్దు. ఆయిల్ పొరలు వేసేటప్పుడు కింద నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ ఉండాలి, తిరగేస్తే పై పొర పగులుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకోగలవు. మూతున్న రేకు డబ్బాలో నీళ్లు పోసి వాటిలో ముంచండి.

ప్ర: ఇక్కడ కూర్చుని ఇవన్నీ వేయడం అనుకరణ కాదా? (బ్యాంకు ఉద్యోగి, గవర్నర్‌పేట, విజయవాడ)

జ: కారిన గీతను కాపీ కొడితే అనుకరణే. వి.ఎస్. గైతోండే 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్లాడు, రోత్కోను కలిశాడు. అయినా ఆయన బొమ్మ రోత్కోలా ఉండదు. రోలర్‌తో రంగు పరిచి, పాలెట్ నైఫ్‌తో గీకి, చింపిన కాగితం ముక్కలతో పొరలు పెట్టి ఎత్తి, వెలుతురు లోపలి నుంచి వస్తున్నట్టు చేశాడు. ఏడాదికి కొద్ది బొమ్మలే వేసేవాడు. గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసు, లండన్‌ల మీదుగా అమెరికా చేరి రంగులతోనే నైరూప్య నిర్మాణాలు కట్టాడు. అక్కడివాళ్లు తమ ఊళ్లో కార్లకు, గోడలకు వేసే రంగులతో ఏం చేయవచ్చో అడిగారు. మీరు వన్‌టౌన్ హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆక్సైడ్ రంగులు, మంగళగిరి నేత గుడ్డ, కొండపల్లి బొమ్మల పనివాళ్లు వాడే చింతగింజల జిగురు ముందు పెట్టుకుని అదే ప్రశ్న అడగండి. ఆక్సైడ్లు ఎండకు వెలవవు, చౌక కూడా. నాలుగు పాళ్ల అక్రిలిక్ మీడియంకు ఒక పాలు పొడి, ముందు కాస్త నీళ్లలో మెత్తగా నూరి కలపండి. పొడి నూరేటప్పుడు మాస్కు తప్పనిసరి.

ప్ర: ఆరడుగుల అక్రిలిక్ కాన్వాస్‌ను మే నెలలో హైదరాబాద్ ప్రదర్శనకు బస్సులో పంపాలి. ఎలా చుట్టాలి? (చిత్రకారిణి, కృష్ణలంక, విజయవాడ)

జ: రంగు వైపు బయటికి ఉండేలా చుట్టాలి. లోపలికి చుడితే పొర నలిగి ముడతలు పడుతుంది. కనీసం ఆరు అంగుళాల వ్యాసమున్న పీవీసీ పైపు తీసుకోండి, రంగు మందంగా ఉంటే ఎనిమిది. ముందు రంగు మీద సిలికాన్ పూత ఉన్న బటర్ పేపర్, ఆ తర్వాతే బబుల్ ర్యాప్. బబుల్ ర్యాప్ నేరుగా తగిలితే మే ఎండకు మెత్తబడ్డ అక్రిలిక్ మీద బుడగల అచ్చులు పడతాయి, అవి పోవు. పగటి బస్సు కాకుండా రాత్రి బస్సులో వేయండి. చేరగానే విప్పి చదునుగా పరిచి, ఒక రోజు ఆగి చట్రానికి బిగించమని అక్కడివాళ్లకు చీటీ రాసి పైపు మీద అంటించండి.